పన్నెండు కుంటలు

అక్షరాలు నాకు ముసలితనంలో పట్టుబడ్డాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే పెద్దమనసుతో సర్దుకోండి. రాయడం కూడా నెమ్మదే. ఈ కథలోని జీపు మాత్రం వేగంగానే పోతుంది.

కరీంనగర్ కోర్టు వీధిలో ఒక జిరాక్స్ దుకాణం. లిడియా ఫైలు బల్ల మీద పెట్టింది.

“రెండు దిక్కుల తియ్యాల్నా మేడం?” అన్నాడు దుకాణదారు.

“ఒక్క దిక్కే చాలు. రెండో దిక్కు మాకెరుకే.”

కోడ్ కలిసింది. దుకాణదారు కుమార్ వెనక గది తలుపు తీశాడు. ఊరికి అతను జిరాక్స్ కుమార్. నిజానికి, పేరు బయటికి రాని ఒక డిపార్ట్‌మెంట్‌కు చీఫ్. లిడియా అతని ఏజెంట్. బయటికి మాత్రం ఆమె ఒక లా ఆఫీసులో రీసెర్చర్.

“రేపే రిజిస్ట్రేషన్,” అన్నాడు చీఫ్. “మల్లొకపారి చెప్పు, ఏం కాపాడుతున్నం మనం?”

“జైనూర్ గుట్టల నీళ్లు, సార్.”

గుట్టలను, కుంటలను కాపాడటానికి పాతకాలం నుంచి మూడు శాశ్వత నిధులున్నాయి. అసలు సొమ్ము ముట్టకూడదు, వడ్డీతో పూడిక తీయాలి, నిధి కాపలాలో ఉన్న నేలను ఎవరూ తవ్వకూడదు. ఇప్పుడు ఆ మూడింటినీ కలిపి ఒక్క నిధిగా చేస్తున్నారు. కొత్త దస్తావేజుకు ఆధారం లిడియా తయారుచేసిన లీగల్ రిపోర్టు; అందులోని మాటలే దస్తావేజులోకి ఎక్కుతాయి. దస్తావేజు రిజిస్టర్ కాగానే పాత నిధులు రద్దు.

ఎవర్‌మాస్ ఫౌండేషన్ అనే విదేశీ ముఠా ఆ క్షణం కోసమే కాచుకొని ఉంది. పేరుకు పర్యావరణ సేవ. కన్ను గుట్టల కింది మాంగనీసు మీద. కొత్త దస్తావేజులో ఎక్కడో ఒక మార్పు దూర్చబోతున్నారని డిపార్ట్‌మెంట్‌కు కబురు అందింది. ఎక్కడన్నదే తెలియదు.

“బ్యాంకు క్లాజుల మారుస్తరట, సార్. పెన్‌డ్రైవ్ రేపు పొద్దున ఇచ్చోడ బస్టాండ్ల చేతులు మారుతదట. రోజారాణి చెప్పింది.”

చీఫ్ పెదవి విరిచాడు. “నీ రోజారాణి మీద నాకు జర డౌటే.”

“ఆమెకు నాది పూచీ, సార్.”

రోజారాణి ఎవర్‌మాస్ వకీలు. పోచంపల్లి చీర, నల్లకళ్లద్దాలు, కోర్టు మెట్లెక్కితే క్లర్కులు లేచి నిలబడేంత ఠీవి. అలాంటి మనిషిని లిడియా తన వైపు తిప్పుకుంది. పక్కపక్కన కూర్చొని ఒకే డబ్బాలో తిన్నారు. బెల్లంపల్లిలో లిడియా బాపు చనిపోయిన రోజు, సమాధి తోటలో ఆమె చేయి వదలకుండా నిలబడింది రోజారాణే. “అక్క, గా రిపోర్టు సంతకం పని నేను చూస్త. నువ్వు అవ్వ దగ్గర కూసో” అని, డిజిటల్ సంతకం డాంగిల్ తీసుకుని, సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చింది. అలాంటి మనిషిని అనుమానిస్తే తనకంటే నీచురాలు ఉండదనుకుంది లిడియా.

మరునాడు ఇచ్చోడ బస్టాండు ముందు కొత్త ఆమె ఒకతె సీతాఫలాల గంప దించుకుని కూర్చుంది. మోకాళ్ల దాకా ఎత్తి కట్టిన చీర, నుదుట పెద్ద బొట్టు, కొప్పు కింద వినికిడి యంత్రం.

“ఏమే, గివి పండ్లా రాళ్లా?” అంది ఒక ముసలామె నొక్కి చూస్తూ.

“రేపటికి పండుతయ్ అవ్వా.”

“రేపటిదాక నేనుండద్దా?”

ముసలామె వెళ్లింది. బస్సులు వచ్చాయి, పోయాయి. పెన్‌డ్రైవ్ రాలేదు. చెవిలో చీఫ్ గొంతు వినపడింది.

“లిడియా, నన్ను తిట్టుకో. నిన్న నీ చెల్లె రోజారాణి బ్యాగుకు ఒక బటన్ మైకు కుట్టించిన. జర విను.”

గరగరమన్న చప్పుడు. తర్వాత రోజారాణి నవ్వు.

“ఫికర్ చెయ్యకుండ్రి మిస్టర్ కోల్డర్. మా అక్క ఇచ్చోడల పండ్లమ్ముతుంది. బ్యాంకు క్లాజు అంటే నమ్మింది, పిచ్చిది. కుంటలు పోయినయ్, గుంటలు మిగిలినయ్. ఒక్క నొక్కుడుకే అయిపోయింది. కింద సంతకం ఆమెదే.”

లిడియా చేతిలోని కాయను గంపలో పడేసింది.

దస్తావేజులో ఉండవలసింది పన్నెండు కుంటలు, అంటే పన్నెండు చెరువుపిల్లలు, వాటికి నీళ్లిచ్చే గుట్టలన్నీ. ‘కు’ను ‘గు’ చేస్తే పన్నెండు గుంటల నేల. అరెకరం కూడా కాదు. మిగతా గుట్టలకు దిక్కు లేదు. బాపును మట్టిలో పెట్టిన రోజే, ఆ డాంగిల్‌తోనే చేసిందీ పని.

“సార్, గీ రికార్డింగ్ వినిపిస్తే?”

“మనమే లేమని లెక్క. ఎట్ల వినిపిస్తవ్? మనోళ్లు పోలీసు డ్రెస్సుల ఆదిలాబాద్ రిజిస్ట్రేషన్ హాలు బయట ఉన్నరు. లోపల ఎవరన్న కంప్లైంట్ ఇస్తేనే కదులుతరు. ఒక్కసారి రిజిస్టరయితే కోర్టుల ఏండ్లు పడుతది. అప్పటికి గుట్టలు ఉండయ్.”

డ్రైవర్ సామ్యూల్ జీపు తెచ్చి ఆపాడు. గంప అక్కడే వదిలేసి ఎక్కింది. ఆదిలాబాద్ దారిలో లారీలను ఒక్కొక్కటే వెనక్కి నెడుతూ సామ్యూల్ ఒక్క మాటే అడిగాడు.

“ఏడుస్తున్నవా అక్క?”

“రోడ్డు చూసి నడుపు.”

ఆదిలాబాద్ హాలులో పూలదండలు, ఫొటోలు. ఎవర్‌మాస్ పెద్ద కోల్డర్ తెల్లచొక్కాలో నమస్కారాలు పెడుతున్నాడు. ట్రస్టీల పెద్ద పోశవ్వ, జైనూర్ వైపు మనిషి, బొటనవేలు వేలిముద్ర యంత్రం మీదికి తీసుకుపోతోంది.

“ఆగు పోశవ్వా.”

అందరూ తిరిగి చూశారు. పండ్లమ్మే వేషంలో రీసెర్చర్ లిడియా.

రోజారాణి చిరునవ్వు చెదరలేదు. “అక్క, గిదేం అవతారం? బాపు పోయిన కాడికెల్లి పరేషాన్ల ఉంది పాపం. కూసో, నీళ్లు తాగు.”

“గా రిపోర్టు నేను రాసింది కాదు.”

“సంతకం నీదే గద? యంత్రం అబద్ధం చెప్తదా?”

లిడియా పోశవ్వ వైపు తిరిగింది. “ఒక్క పేజీ. ఒక్క పేజీ చదివించుకొని వేలు పెట్టు.”

“అన్నం చల్లారుతది,” అన్నారెవరో.

“చల్లారనీ. చదువుండ్రి,” అంది పోశవ్వ.

గుమాస్తా సిద్దిరాములు కళ్లద్దాలు తుడుచుకుని అక్షరం కింద వేలు పెట్టి మొదలుపెట్టాడు. “జైనూర్ గుట్టల మీది పన్నెండు గుంటలు...”

“ఔ, మా గుంటలే,” అంది పోశవ్వ తృప్తిగా.

ఆ వైపు నోళ్లలో కుంట గుంటగానే పలుకుతుంది. అక్షరం మారినా చెవికి తేడా తెలియదు. రోజారాణి ఎంచుకున్న దాపు అది. పోశవ్వ వేలు మళ్లీ లేచింది.

సిద్దిరాములు ఇంకా చదువుతూనే ఉన్నాడు. “వీటి బాగోగులు ట్రస్టీలే చూసు... చూసుగుంటారు. వడ్డీని పూడికతీతకు వాడుగుంటారు.” ఆగాడు. కళ్లద్దాలు తీసి, పెట్టుకుని, మళ్లీ చదివాడు. “అవసరమను... అవసరమనుగుంటే.”

హాలంతా గొల్లుమంది.

“ఏందిర సిద్దిరాములూ, పన్ను ఊడిందా?” అని వెనక నుంచి ఒకరు.

“నా పన్ను మంచిగనే ఉంది. గీడ అట్లనే ఉన్నది.”

లిడియాకు అర్థమైంది. ఒక్క నొక్కుడు. కుంట అన్న ముక్క ఎక్కడ కనబడ్డా గుంట చేయమంది రోజారాణి. కంప్యూటర్ చెప్పినట్టే చేసింది. చూసుకుంటారు, వాడుకుంటారు, అనుకుంటే, దేన్నీ వదలలేదు. మార్చిన మనిషి మళ్లీ చదివి చూసుకోలేదు.

“పోశవ్వా, నువ్వు నోటితోటి గుంటనే అంటవ్,” అంది లిడియా. “చూసుగుంటరు అని ఎన్నడన్న అన్నవా?”

“పిచ్చిలేసినోళ్లే అంటరు.”

“మనుషులు రాస్తే అట్ల రాదు. మిషిన్‌కు చెప్పి మొత్తం మార్పించిన్రు. కాగితం మీద గుంట అంటే జాగ కొలత. నీ కుంటలు దీంట్ల లేవు. పన్నెండు గుంటల జాగ విడిచి గుట్టలన్ని తవ్వుకపోతరు. నా సంతకం దొంగతనంగ పెట్టిన్రు.”

పోశవ్వ వేలు ముడిచి చీర కొంగులో దాచుకుంది. “పోలీసులను పిలువుండ్రి. కంప్లైంట్ నేనిస్త.”

పిలవాల్సిన పని లేకపోయింది. తలుపు దగ్గరే ఉన్నారు. కోల్డర్ వెనక ద్వారం వైపు నాలుగు అడుగులు వేశాడు. అక్కడ సామ్యూల్ జీపు అడ్డంగా పెట్టి, తీరిగ్గా అద్దం తుడుస్తున్నాడు.

రోజారాణి పారిపోలేదు. నల్లకళ్లద్దాలు తీసి బ్యాగులో పెట్టుకుంది. వ్యాను దాకా లిడియా ఆమె పక్కనే నడిచింది.

“సమాధి కాడ నా చెయ్యి పట్టుకున్నవు,” అంది లిడియా. “గదన్న నిజమేనా?”

“చెయ్యి పట్టుకున్నది నిజమే అక్క. డాంగిల్ తీసుకున్నది గూడ నిజమే.”

వ్యాను తలుపు తెరిచారు. మెట్టు మీద కాలు పెట్టి, ఆమె అలవాటు కొద్దీ చెంగు సర్దుకుంది.

“నాకు వకీలు కావాలె. ఎవరన్న మంచోళ్లు ఎరుకేనా అక్క?”

“ఒక్కామె ఎరుకే,” అంది లిడియా. “ఇంతట్లనే అరెస్టు చేసిన్రు.”

ఈ కథ రాసింది శంకరవ్వ, అరవై నాలుగేళ్లు, ప్రస్తుతం ఉండేది బెల్లంపల్లి.