ఇరవై అడుగుల లోపు

శనివారం పొద్దున మార్నీ హాపలా వంటింట్లో పాన్‌కేకులు కాలుస్తోంది. కిటికీ అవతల, సుపీరియర్ సరస్సు మీంచి మంచు మొదలైంది. అక్కడ జనవరిలో మంచు పడకపోతేనే జనం ఆకాశం వైపు చూస్తారు. ఆమె భర్త వేన్ కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. నాలుగింటికే వెళ్ళిపోయాడు. తుఫాను తగ్గేదాకా అతను ఇంటికి రావడమనేది ఉండదు.

బల్ల దగ్గర కూర్చున్న లినియా తల్లి ఫోన్‌ను వేలితో పొడిచి చూసింది.

"అమ్మా, నీ ఫోన్ తిరుగుతోంది."

"తిరగడమేంటే?"

"గుండ్రంగా. నువ్వు షాపు ముందు కారు పెట్టడానికి చోటు దొరక్క తిరుగుతావే, అలాగ."

"నోరు మూసుకుని తిను" అంటూనే మార్నీ నవ్వింది. అట్లకాడ పక్కన పెట్టి ఫోన్ అందుకుంది. రాత్రి అందరూ పడుకున్నాక అది తనంతట తనే అప్‌డేట్ అయింది. తెర కొత్తగా మెరుస్తోంది. కానీ లినియా షుగర్ అంకె ఉండాల్సిన చోట రెండు గీతలే ఉన్నాయి.

లినియాకు తొమ్మిదేళ్ళు. ఆరేళ్ళప్పుడే షుగర్ వచ్చింది. చేతి వెనక బొత్తామంత సెన్సర్ అంటించుకుని ఉంటుంది. అది ఐదు నిమిషాలకోసారి ఫోన్‌కు అంకె పంపుతుంది. దాని సత్తా ఇరవై అడుగులు, అంతకు మించి పోదు. మూడేళ్ళుగా మార్నీ లేచేది, పడుకునేది ఆ అంకెను బట్టే. డెబ్బై కిందికి పడిందంటే పళ్ళరసం పట్టించాలి. యాభై కిందికి పడితే ఆలోచించే వ్యవధి కూడా ఉండదు.

వేలు గుచ్చి చూసింది. నూట ముప్పై. ఫరవాలేదు.

వేలు గుచ్చి చూసే పాత యంత్రం ఉంది కాబట్టి ఆమె కంగారు పడలేదు. వేన్‌కు ఫోన్ చేసింది. ఆ ఇంటికి టవర్ అందదు, మాటలన్నీ వైఫై మీదే.

"వేన్, నా ఫోన్..."

"ఏంటీ? వినపడట్లేదు."

"రాత్రి అప్‌డేట్ అయింది. పాప సెన్సర్ కలవట్లేదు."

"ఆపేసి మళ్ళీ పెట్టు."

"ఆరుసార్లు పెట్టాను. ఆ మాత్రం నాకూ..."

తెగిపోయింది. గోడకున్న పెట్టెలో దీపాలు పచ్చగానే వెలుగుతున్నాయి, ఫోన్ మాత్రం వైఫైని పట్టినట్టే పట్టి వదిలేస్తోంది. ఇంట్లో మరో ఫోన్ లేదు. లినియా టాబ్లెట్ శుక్రవారం బడిలోనే ఉండిపోయింది. మధ్యాహ్నానికి ఆ పట్టీ పట్టని పట్టు కూడా పోయింది. అత్యవసర నంబరు నొక్కినా నిశ్శబ్దమే. బయట తెల్లటి గోడ లేచినట్టుంది. ముందున్న తపాలా పెట్టె కనపడటం మానేసింది.

భోజనాలయ్యాక మార్నీ ఓపిగ్గా కూర్చుని ఫోన్‌లో పాత కలయికలన్నీ చెరిపేసింది. సెన్సర్ నంబరు మళ్ళీ కొట్టింది. వెతుకుతోంది... వెతుకుతోంది...

రెండు దాటాక కలిసింది.

డెబ్బై ఒకటి. పక్కన కిందికి బాణం.

"లినియా! ఇలా రా, రసం తాగు."

"నాకేం లేదమ్మా. కళ్ళు తిరగట్లేదు, చేతులు వణకట్లేదు."

"వాదించకు."

లినియా గడ్డిపరకంత స్ట్రాతో డబ్బా ఖాళీ చేసింది. మార్నీ వేలు గుచ్చింది. నూట నలభై రెండు. మరో వేలు గుచ్చింది. నూట ముప్పై తొమ్మిది.

ఫోన్‌లో అరవై మూడు.

సెన్సర్లు అప్పుడప్పుడు తప్పు చెప్తాయి. అది మార్నీకి తెలుసు. చెడిపోయిందనుకుని దాన్ని కూతురి చేతి నుంచి ఊడబెరికింది. బిస్కెట్ల రేకు డబ్బాలో పడేసి మూత గట్టిగా నొక్కింది.

"మళ్ళీ కొత్తది గుచ్చుతావా?" లినియా మొహం ముడుచుకుంది.

"రేపు గుచ్చుకుందాం."

ఫోన్ కూసింది. యాభై ఎనిమిది.

మార్నీ డబ్బా వైపు చూసింది. ఫోన్ తెచ్చి దాని పక్కనే పెట్టింది. తెర మీద 'సిగ్నల్ లేదు' అని వచ్చింది. అమ్మయ్య అనుకుంది. గిన్నెలు కడుగుదామని లేచి, ఫోన్ జేబులో వేసుకుని, తువ్వాలు కోసం మెట్ల వైపు వెళ్ళింది. మెట్ల కిందికి రాగానే జేబులో మళ్ళీ కూత.

యాభై ఐదు.

వంటింట్లోకి వచ్చింది. సిగ్నల్ లేదు. మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఉంది.

సెన్సర్ ఉన్నది వంటింట్లో.

మెట్ల కింద చిన్న అర. అందులో చలికోట్లు, బూట్లు, పాత చీపురు. మార్నీ తలుపు తీసింది. కోట్లు వేలాడుతున్నాయి. నేల మీద ఏమీ లేదు. కానీ వాసన వచ్చింది. గాయానికి వేసే ప్లాస్టర్ లాంటి, ముక్కు వెనక అతుక్కునే వాసన. ఆ వాసన ఆమెకు మూడేళ్ళుగా అలవాటే. ఇన్సులిన్ వాసన. ఒక్క చుక్క కారినా తెలుస్తుంది. ఇక్కడ ఒక్క చుక్క కాదు, సీసాలు సీసాలు ఒలికినంత వాసన.

ఆమె ఇన్సులిన్ ఫ్రిజ్‌లో భద్రంగా ఉంది. వెళ్ళి లెక్కపెట్టి చూసుకుంది కూడా.

యాభై మూడు.

"కోటు వేసుకో" అంది కూతురితో.

"ఎక్కడికి?"

"రోడ్డు మలుపు దాకా. అక్కడ టవర్ అందుతుంది. నాన్నకు ఫోన్ చేద్దాం."

"ఈ మంచులోనా? నాన్న తిడతాడు."

"తిట్టనీ."

రసం డబ్బాలు రెండు, గ్లూకోజు బిళ్ళలు, వేలు గుచ్చే యంత్రం సంచిలో వేసుకుంది. సెన్సర్ ఉన్న రేకు డబ్బాను బల్ల మీదే వదిలేసింది. కారు ఇంటి ముందు నుంచి నలభై గజాలు కదిలిందో లేదో, ముందు చక్రాలు మెత్తటి మంచులో దిగబడ్డాయి. వెనక్కి లాగింది. ముందుకి లాగింది. చక్రాలు ఊరికే తిరిగాయి. వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు కనపడలేదు. ముందు రోడ్డూ లేదు. అన్ని వైపులా ఒకటే తెలుపు, అది కూడా మెల్లగా బూడిద రంగుకు తిరుగుతోంది.

ఇంజిన్ ఆపేసింది. మంచులో పొగ గొట్టం మూసుకుపోతే కార్లో ఉన్నవాళ్ళు కూర్చున్నచోటే పోతారు. అలాంటివి ఆ ఊళ్ళో రెండేళ్ళకొకటి వింటూనే ఉంటారు. దిగి నడుద్దామంటే నాలుగడుగులు వేస్తే కారు కూడా దొరకదు. వేన్ ఎప్పుడూ చెప్పేది ఒకటే... కదలొద్దు, కార్లోనే ఉండు, మేమొస్తాం.

ముందు సీట్లో లినియా తల్లి చేతి కింద ముడుచుకుంది. అద్దాల మీద మంచు ఇసుక చల్లినట్టు రాలుతోంది. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఫోన్ కూసింది.

నలభై ఏడు.

ఇల్లు నలభై గజాల దూరం. డబ్బాలో ఉన్న సెన్సర్ ఇరవై అడుగులు దాటి పంపలేదు. అంటే...

వాసన వచ్చింది. వెనక సీటు వైపు నుంచి.

"అమ్మా" లినియా గుసగుసలాడింది. "ఎవరిది ఆ అంకె?"

"తెలీదు."

"నాది కాదుగా?"

"కాదు తల్లీ. నువ్వు బావున్నావు."

"మరి ఎవరికో బాలేదు."

ముందు అద్దం మీద వేలాడే చిన్న అద్దంలోకి చూస్తే వెనక సీటు కనపడుతుంది. మార్నీ చూడలేదు. చెయ్యెత్తి దాన్ని కప్పు వైపు తిప్పేసింది. వెనక ఏమీ కదల్లేదు. ఊపిరి లాంటిది కూడా వినపడలేదు. కానీ ఆ సీటు ఖాళీగా లేదని ఆమె వీపుకు తెలుస్తోంది.

నలభై నాలుగు.

నలభై నాలుగు దగ్గర పిల్లలు ఎలా ఉంటారో ఆమె చూసింది. చెమటతో తడిసిన జుట్టు, తెల్లబడ్డ పెదాలు, అమ్మ పేరు కూడా గుర్తుకురాని కళ్ళు. భయం ఎంత ఉన్నా ఆమె చేతులు ఆగలేదు. సంచిలోంచి రసం డబ్బా తీసి స్ట్రా గుచ్చింది. తల తిప్పకుండా, భుజం మీంచి చెయ్యి వెనక్కి చాచింది.

"తాగమ్మా" అంది. "ఒక్క గుక్క. తాగు."

ఎవరూ అందుకోలేదు.

"తాగు తల్లీ... తాగాలి..."

చెయ్యి లాగుతోంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. డబ్బా బరువు అంతే ఉంది, చుక్క తగ్గలేదు.

నలభై ఒకటి.

"అమ్మా" అంది లినియా, ఏడుపు ఆపుకుంటూ. "ఆ పిల్లకి అందట్లేదేమో."

మార్నీ ఇంకా వెనక్కి చాచింది. భుజం కీలు నొప్పితో మండింది. తిరిగితే అందుతుందేమో. తిరిగి, నోరు పట్టుకుని, లోపలికి పోస్తే... తిరగలేకపోయింది. ఆ ఒక్క పని చెయ్యలేకపోయింది.

ఫోన్ తెర మీద అంకె పోయింది. 'చాలా తక్కువ' అని వచ్చింది. యంత్రం చెప్పగలిగే ఆఖరి మాట అదే. దాని కింద ఏముంటుందో అది చెప్పదు. కూత మొదలై ఆగలేదు... ఆగలేదు... లినియా చెవులు మూసుకుంది. మార్నీ ఫోన్ ఆపే మీట నొక్కింది. ఆగలేదు. చెయ్యి మాత్రం వెనక్కే చాచి ఉంచింది.

తర్వాత దానంతటదే ఊరుకుంది.

సిగ్నల్ లేదు.

వాసన కూడా పోయింది.

ఐదున్నరకు పసుపు దీపం తిరుగుతూ కనపడింది. ఇంటికి ఫోన్ కలవక వేన్ తన దారి వదిలేసి వచ్చాడు. కారు తలుపు లాగి తీశాడు.

"పిచ్చా మీకు? ఇంట్లో ఉండలేకపోయారా?" అని అరిచాడు. తర్వాత భార్య చెయ్యి చూశాడు. రసం డబ్బాను వదలని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. డబ్బా నిండుగా, గడ్డకట్టి ఉంది. వెనక సీట్లో ఏమీ లేదు. మార్నీ అడగకపోయినా అతను చూసి చెప్పాడు.

ఆదివారం కొత్త సెన్సర్ పెట్టారు. ఫోన్ మంచిగా కలిసింది. అప్‌డేట్‌లోని లోపం సరిచేశామని ఓ సందేశం కూడా వచ్చింది.

మంగళవారం పట్నంలో క్లినిక్‌కు వెళ్ళారు. లినియా బయట నడవాలో చేపల తొట్టి దగ్గర నిలబడింది. లోపల కార్లా అనే నర్సు కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు తెరిచింది.

"శనివారం ఒక్క అంకె కూడా రాలేదండీ. శుక్రవారం రాత్రి ఆగింది, మళ్ళీ ఆదివారమే."

"నలభై ఒకటి అని చూపించింది. నేను కళ్ళారా చూశాను."

"ఇక్కడైతే ఏం లేదు." నర్సు తెర కిందికి జరిపింది. "అంకెలు చూసే అనుమతి ఇద్దరికి ఇచ్చారు. మీ ఆయనకీ, మీకూ."

"నాకు అనుమతేంటి? ఆ ఖాతా నాదే కదా."

కార్లా కళ్ళజోడు పైకి తోసుకుంది. "మీది కాదే. ఖాతా సొంతదారు పేరు దగ్గర 'అమ్మ' అని ఉంది. మీరే అలా పెట్టుకున్నారనుకున్నా. శనివారం మిమ్మల్ని చేర్చింది ఆవిడే."

"ఏ ఆవిడ?"

"అదే నేనూ అడుగుతున్నా."

"తీసేయండి" అంది మార్నీ. "ఇప్పుడే తీసేయండి."

నర్సు రెండు మూడుసార్లు నొక్కింది. తల అడ్డంగా ఊపింది. "సొంతదారు తప్ప ఎవరూ తీయలేరట."

మార్నీ చేతిలో ఫోన్ మోగింది. లినియా అంకె నూట పద్దెనిమిది అని ఉన్న చోటికి ఓ సందేశం వచ్చింది. 'మార్నీ హాపలాకు చూసే అనుమతి తొలగించబడింది.' అంకె మాయమైంది.

ఆమె తలెత్తి తలుపు అద్దంలోంచి చూసింది. చేపల తొట్టి దగ్గర లినియా ఒక్కతే ఉంది. చొక్కా చేతిని భుజం దాకా మడుచుకుని, సెన్సర్ అంటించిన చేతిని పైకెత్తి, ఎవరో చూడటానికి వీలుగా ఓపిగ్గా తిప్పి పట్టుకుంది.