ఊరు అడిగిన మాట

ఆ ఊళ్లో పొద్దున్న ఏడున్నరకి వినిపించేది చీపుళ్ల చప్పుడొక్కటే. ఉన్న ఒక్క సిగ్నల్ దగ్గరా ఎవరూ ఆగరు, ఎదురుగా ఎవరూ రారు కనక. ప్రశాంతమైన ఊరని వచ్చిన చుట్టాలంతా మురిసిపోతారు. ఆ మాట వింటేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. పక్కింట్లో ఏం జరుగుతోందో వినడానికి అందరూ చెవులు రిక్కించుకుని కూర్చుంటే నిశ్శబ్దంగా ఉండక ఏం చేస్తుంది?

పెళ్లి పెటాకులై ఆమె పుట్టింటికి వచ్చి నాలుగు నెలలైంది. ఇంట్లో తల్లీ తనూ, అంతే. పని కళ్లజోళ్ల దుకాణంలో. నడిస్తే ఏడు నిమిషాలు.

ఆ రోజు ఆ ఏడు నిమిషాల్లోనే ముగ్గురు ఆపారు. బేకరీ ఆవిడ రొట్టె పొట్లం అందిస్తూ, "రాత్రి నిద్ర పట్టిందామ్మా?" అంది. సెలూన్ అతను ఎవరిదో సగం గీసిన గడ్డం వదిలేసి గుమ్మంలోకొచ్చి అదే అడిగాడు. దర్జీ మిషన్ ఆపి మరీ అడిగాడు. వీళ్లకేం పనీపాటా లేదా అని పళ్లు కొరుక్కుంది.

దుకాణానికి ఒక ముసలి హెడ్‌మాస్టరు కొత్త అద్దాల కోసం వచ్చాడు. కళ్ల మధ్య దూరం కొలవడానికి ఆమె స్కేలు పట్టుకుని జానెడు దూరంలోకి వంగింది. సిగరెట్టు కంపు గుప్పున కొట్టింది. ఆయన గొంతు తగ్గించి, "నిద్రమాత్రలు ఇంకా వేసుకుంటున్నావా అమ్మా?" అన్నాడు.

ఆమె స్కేలు బల్ల మీద పడేసింది. గంట సెలవడిగి తిన్నగా మందుల షాపుకు వెళ్లింది.

"నా మాత్రల సంగతి ఊరంతా డప్పు కొట్టారేంటండీ?"

షాపాయన తెల్లబోయాడు. "నేనెందుకు చెప్తానమ్మా. మీ అమ్మగారే ఇల్లిల్లూ తిరిగి చెప్పుకొచ్చారు. నేను వద్దన్నాను కూడా."

ఇంటికొచ్చేసరికి తల్లి వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఇంటి గుట్టు వీధిన పడేసింది నువ్వా అమ్మా?"

తల్లి చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టి, "నేనే," అంది.

"ఈ ఊరంటే ఎలాగూ అసహ్యమే. ఇప్పుడు నువ్వన్నా అసహ్యం వేస్తోంది. ఆదివారం వెళ్లిపోతాను. సిటీలో మా దుకాణం పెద్ద బ్రాంచిలో ఖాళీ ఉందట. నా పేరు కూడా తెలియని చోట బతుకుతాను."

"ఒక్కదానివే ఉండొద్దే."

"ఏం, అక్కడ నన్ను కాపలా కాసేవాళ్లు ఉండరనా?"

"అవును," అంది తల్లి. "వచ్చిన కొత్తలో ఒకరోజు నీ గది తలుపు ఎంత బాదినా పలకలేదు. చివరికి మొద్దునిద్రేనని తేలింది. కానీ ఆ పది నిమిషాలు నేనెలా ఉన్నానో నాకే తెలుసు. మర్నాడే అందరి గుమ్మాలూ తొక్కాను. దారిలో కనబడితే నా బిడ్డను పలకరించండి, ఒక కంట కనిపెట్టండి అని బతిమాలాను. వాళ్లకు పలకరించడం చేతకాలేదు. అది వాళ్ల తప్పా?"

"నన్నే అడగొచ్చుగా?"

"అడిగితే, అవునంటావేమోనని భయమేసింది."

ఆమె గోడకు ఆనుకుని కూలబడింది. ఇంతసేపూ ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"రెండు మూడుసార్లు చచ్చిపోవాలనిపించిందమ్మా," అంది మెల్లగా. ఎవరికీ చెప్పని మాట అది.

తల్లి చిక్కుడుకాయలు పక్కకు నెట్టి ఆమెను దగ్గరకు లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూస్తూనే ఉంది, సిగ్గులేకుండా.

"మరి ఆదివారం?" అంది తల్లి కాసేపటికి.

"ఈ ఆదివారం వెళ్లనులే. ఈ మనుషులంటే మాత్రం నాకు ఇంకా రోతే." ఆమె ముఖం తుడుచుకుంది. "రేపట్నుంచి నువ్వే అడుగమ్మా. ఊరి చేత అడిగించకు."