వీ నెక్ బాణం

ఆ రోజు ఇంట్లో అమ్మ, నానమ్మ, కుట్టుమిషన్ ముందు అక్క, గుమ్మంలో నేను, ఇంకా మాలో ఎవరమూ ఎరగని ఏడుగురు మనుషులు ఉన్నాం.

ఆ ఏడుగురూ నీళ్ళ సీసాలు పట్టుకుని, పెరట్లోంచి వచ్చి, వరసగా మా వంటింట్లోంచి నడుస్తున్నారు. చివరాయన అమ్మకి నమస్కారం కూడా పెట్టాడు.

"పక్క ఊరికి ఇటేనాండీ?"

"ముందు మా వంటింట్లోంచి బయటికి నడవండి. ఊరి సంగతి తర్వాత" అంది అమ్మ.

"బాణం గుర్తు ఇటే చూపిస్తోందండీ."

నానమ్మ మాత్రం సంబరపడిపోయింది. "పాపం, ఎండనపడి వచ్చారు. కూర్చోండి నాయనా!"

వెళ్ళి చూస్తే, పెరటి గోడ మీద పెద్ద పసుపురంగు బాణం. మా ఊరినీ పక్క ఊరినీ కలిపే కాలిబాటకి మున్సిపాలిటీ వాళ్ళు కొత్తగా గుర్తులు వేయిస్తున్నారు. మా ఇంటి పక్క నడవ చూడ్డానికి అచ్చం సందులా ఉంటుంది, కానీ తేలేది మా వంటింట్లోనే. పెయింటర్ మహాశయుడు దాన్నే దారి అనుకున్నాడన్నమాట.

అక్క మెడలో టేపు తీయకుండానే లేచింది. "పదవే. ఆ బాణాల రాయుడెవడో చూద్దాం."

కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. అందుకే అక్క ఎక్కడికెళ్ళినా నన్నే తోడు తీసుకెళ్తుంది. మధ్యలో మాట్లాడను కదా!

ఆ దారి ఇళ్ళ వెనకవైపుగా పోతుంది. ఆరేసిన దుప్పట్ల కింద వంగి, ఐస్ ఫ్యాక్టరీ గోడకి భుజం ఆనించి కాస్త చల్లబడి, రైలు పట్టాల మీది మెట్ల వంతెన ఎక్కి దిగి, బేకరీ వెనక కిటికీ దగ్గర గుండెల నిండా వాసన పీల్చుకుని, ఫ్లైఓవర్ స్తంభాల మధ్యగా నడవాలి. మా ఊరు ఎక్కడ అయిపోయిందో, పక్క ఊరు ఎక్కడ మొదలైందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. దారి పొడుగునా అక్క తిట్లు రిహార్సల్ వేసుకుంటూనే ఉంది.

పక్క ఊరి బస్ డిపో గోడ దగ్గర స్టూలెక్కి ఉన్నాడతను. చెవి మీద బ్రష్షు. ముక్కు మీద పసుపు చుక్క.

"ఏవండీ, బాణాల రాయుడుగారూ!"

అతను ఉలిక్కిపడి తిరిగాడు. డబ్బాలో రంగు తొణికి నా చెప్పు మీద పడింది.

"నన్నేనాండీ?"

"మీ బాణం పుణ్యమా అని ఊరు ఊరంతా మా వంటింట్లోంచే నడుస్తోంది. దారికీ ఇంటికీ తేడా తెలీదా మీకు?"

"సందనుకున్నానండీ. లోపల్నించి ఒక పెద్దావిడ 'రా నాయనా' అని పిలిచారు కూడా. మంచినీళ్ళిచ్చారు."

"ఆవిడ మా నానమ్మ. దొంగొచ్చినా అలాగే పిలుస్తుంది!"

అతను ఫక్కున నవ్వాడు. అక్క నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. కుదర్లేదు. తిట్లన్నీ ఏ స్తంభం దగ్గర పారేసుకుందో ఏమో.

"ఇప్పుడే వచ్చి చెరిపేస్తానండీ" అన్నాడు.

ముగ్గురం కలిసి వెనక్కి నడిచాం. మెట్ల వంతెన మీద ఉండగా వాన అందుకుంది. వంతెనకి సగం వరకే కప్పు. ఆ సగంలో బోలెడు చోటుంది. అయినా వాళ్ళిద్దరూ సరిగ్గా కప్పు అంచున నిలబడి, చెరో భుజం తడుపుకున్నారు.

"మీ ఊళ్ళో వాన గట్టిదేనండీ" అన్నాడతను.

"ఇది మా ఊరు కాదు, మీదే."

"కాదండీ, మీదే."

వాన వెలిసింది గానీ, వంతెన ఎవరి ఊరిదో తేలలేదు.

బాణం చెరిపేసి వెళ్ళాడు. వారం తిరక్కుండా అదే చోట మళ్ళీ మొలిచింది! ఈసారి ఒక తాతగారు కుక్కతో సహా వంటింట్లోకి వచ్చేశారు.

"ఈ మనిషికి బుద్ధి లేదు" అంటూ అక్క జడ విప్పి మళ్ళీ వేసుకుంది. తిట్టడానికి వెళ్ళేవాళ్ళకి జడెందుకో నాకు అర్థం కాలేదు. "పదవే" అంది.

"చెరిపానే!" అని అతను నెత్తి గోక్కున్నాడు. మళ్ళీ ముగ్గురం నడిచాం. ఇక అదే వరస. బాణం మొలవడం, మేం వెళ్ళడం, అతను రావడం. నా చెప్పులు అరిగిపోయాయి. అక్క మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఒక ఉదయం అతను తనంతట తానే వచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"మా కాంట్రాక్టర్ గారు అటు సందు చివర ఉన్నారండీ. దారి తనిఖీకి వచ్చారు. మీ గోడ చూసి, ఈసారి నన్ను పనిలోంచి తీసేస్తానన్నారు. మతిలేక మళ్ళీ మళ్ళీ ఇక్కడే వేస్తున్నానట. ఎవరో కావాలనే నా పొట్ట కొడుతున్నారు."

అక్క మిషన్ ఠక్కున ఆగిపోయింది.

అతను పెరట్లోకి వెళ్ళి గోడకి మొహం ఆనించినంత దగ్గరగా చూశాడు.

"ఇది నా చెయ్యి కాదు. నా బాణం మొన మొద్దుగా ఉంటుంది. ఇదేంటండీ, గౌనుకి వీ నెక్ తీసినట్టుంది! కింద సుద్దతో గీసుకున్నారు..." గొంతు మెల్లగా తగ్గిపోయింది. "చుట్టూ... కుట్టుకి అరంగుళం వదిలారు కూడా."

మా ఇంటి చుట్టుపక్కల కుట్టుకి అరంగుళం వదిలే మనిషి ఒక్కతే. ఆ మనిషి మెడలో టేపుతో, మొహమంతా ఎర్రబడి, గుమ్మంలో నిలబడి ఉంది.

అతను వెనక్కి తిరిగాడు. "మీరా? నా పని పోతుందని తెలిసీ..."

"తెలీదు! ఒట్టు, తెలీదు" అంది అక్క. చెప్పులైనా వేసుకోకుండా సందు చివరికి ఒకటే పరుగు. వెనకే అతను. అతని వెనక నేను. నా వెనక గరిటెతో అమ్మ, ఆయాసపడుతూ నానమ్మ.

"అయ్యా, ఆయన్ని తీసెయ్యకండి" అంది అక్క కాంట్రాక్టర్‌తో. "మొదటి బాణమే ఆయనది. తర్వాతవన్నీ నేను వేశాను."

కాంట్రాక్టర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "నీకేం పనమ్మా?"

అక్క తల దించుకుంది. ఈ ఒక్క మాట చెప్పకపోతే అతని పని పోతుంది. చెబితే తన పరువు పోతుంది. టేపుని వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"చెరపడానికి... ఆయన వస్తారని."

ఎవరి పెరట్లోనో బకెట్ నిండి నీళ్ళు పొర్లుతున్న చప్పుడు.

"ఓరి నీ!" అని కాంట్రాక్టర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏమయ్యా, ఇన్నిసార్లు చెరిపావు, ఒక్కసారైనా అర్థం కాలేదా? పో, నీ పని ఎక్కడికీ పోలేదు."

బాణాల రాయుడు చెవి మీది బ్రష్షు తీసి చేత్తో పట్టుకుని, దాన్నేం చెయ్యాలో తెలీక మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.

అమ్మ అక్కని చూసింది, అతన్ని చూసింది. గరిటె దించింది. "దారిలో నిలబడి ఏం మాటలు? ఇంటికి రా నాయనా. మీవాళ్ళెప్పుడు ఖాళీగా ఉంటారో చెప్పు, మేం వచ్చి మాట్లాడతాం."

"నేనూ నడుస్తాను!" అంది నానమ్మ.

ఇంటికొచ్చాం. అక్క వీధి గదిలోకి వెళ్ళి, చక్కగానే ఉన్న గుడ్డని మడత విప్పి మళ్ళీ మడతపెడుతోంది. అతను తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"ఒక్క మాట చెప్పాలండీ."

"అయిదు నిమిషాలే" అని వంటింట్లోంచి అమ్మ కేక.

అతను లోపలికి అడుగుపెట్టాడు. వెనకే నేనూ పెట్టబోయాను. ఎలాగూ మధ్యలో మాట్లాడను కదా!

అతను గొంతు సవరించుకున్నాడు. "నిజం చెప్పాలంటే, నేను కూడా..."

అక్క అప్పుడు నన్ను చూసింది. చరచరా వచ్చి, నా ముక్కు మీదికే తలుపు వేసేసింది.