66 లేని చోట

వనజాక్షి రాగిపిండి జల్లిస్తోంది. పక్కన లాప్‌టాప్ తెరిచి ఉంది. గార్లదిన్నెకు ఆమె మంచినీటి పథకం కంప్యూటర్ మనిషి. ఢిల్లీ ఫైల్లో ఏజెంట్ నైన్.

ఇయర్‌ఫోన్‌లో చీఫ్ జయరాజు గొంతు వినిపించింది.

"వాన పడిందా?"

"మడకశిరలో చినుకులు."

కోడ్ కుదిరింది.

"పదకొండుకు పంపులు వాటంతటవే తిరుగుతాయి. అప్పుడు క్లోరిన్ వాల్వ్ పూర్తిగా తెరిపించాలని ఒక ముఠా ప్లాన్. నలభై ఊర్ల నీళ్లు విషమవుతాయి. మనవాళ్లు అక్కడికి చేరేసరికి పదకొండున్నర. పంపులు నడిపే ప్రోగ్రామ్‌లో తప్పు పట్టుకో."

టైం పదిన్నర. ప్రోగ్రామ్ రెండుసార్లు చదివింది. తప్పు లేదు.

గదిలో అద్దం ముందు ఆశ్రిత లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది. ఆమెదీ అదే ఏజెన్సీ, పథకం ప్రోగ్రామ్‌లో కొంత భాగం రాసింది ఆమే. ఏడాదిగా ఇద్దరూ ఈ ఇంట్లోనే అద్దెకుంటున్నారు.

ఇంటామె చెన్నమ్మ పెద్ద బిందెను చెంబులోకి వంచింది. చెంబు పొర్లి పక్కనున్న పిండి తడిసింది.

"థూ, పిండంతా పాయ! ఈపొద్దు కొళాయి నీళ్లు తాగొద్దని ఆశ్రితమ్మ చెప్తే ట్యాంకర్ నీళ్లు పట్టుకొంటి."

వనజాక్షి చేయి ఆగింది. ఈసారి ప్రోగ్రామ్ కాదు, యంత్రంలోకి వెళ్లిన బైట్లు చూసింది. పదహారు బిట్లు రాసే ఆజ్ఞకు ముందు 66 అనే బైట్ ఉండాలి. ప్రోగ్రామ్‌ను బైట్లుగా మార్చే అసెంబ్లర్ దాన్ని మింగేసింది. 66 లేకపోతే ప్రాసెసర్ ముప్పైరెండు బిట్లు రాసేస్తుంది. పొర్లింది పక్కనున్న క్లోరిన్ పరిమితి మీద పడి, దాన్ని సున్నా చేస్తుంది. ఆ యంత్రానికి సున్నా అంటే పరిమితే లేదని.

ప్రోగ్రామ్ ఫైళ్లన్నిటిలోనూ అదే తప్పు, ఆశ్రిత రాసిన ఒక్క ఫైల్లో తప్ప. అక్కడ 66ను ఎవరో చేత్తో టైప్ చేశారు.

"ఈ తప్పు నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

లిప్‌స్టిక్ ఆగింది. "ఏ తప్పు?"

"నీ ఫైల్లో మాత్రం 66 చేత్తో కొట్టినావే."

ఆశ్రిత అద్దంలోనే నవ్వింది. "చీఫ్‌కే చెప్పుండేదాన్ని. ముఠావాళ్లు ముందడిగినారు."

"చెన్నమ్మత్తను తాగొద్దన్నావు. మిగతా ఊర్లు?"

ఆశ్రిత చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. అంతలో తడిపిండి కిందనుంచి వనజాక్షి పిస్టల్ బయటికొచ్చింది.

"బ్యాగ్ కింద పెట్టు. కూర్చో."

ఎడమచేత్తో పదిహేడు చోట్ల 66 కొట్టి, యంత్రానికి పంపింది. 10:59:57. పంపులు తిరిగాయి. వాల్వ్ పరిమితి దగ్గర ఆగిపోయింది.

పదకొండున్నరకు వాకిట్లో ఏజెన్సీ జీపు ఆగింది. అప్పుడే కొళాయి కూడా బుసకొట్టింది. వనజాక్షి మొదటి గుక్క తాగి, కాసేపాగి తలూపింది. ఏమీ అర్థం కాని చెన్నమ్మ చెంబు నింపి ఆశ్రిత ముందు చాపింది.

"వద్దంటివే పాపా, నీళ్లు బాగనే ఉండాయి. ఎండకు పోతాండావు, ఒక గుక్క తాగి పో."

ఆశ్రిత చెంబు వైపు చూసింది. చెప్పులు తొడుక్కుని, గడప దాటి జీపెక్కింది.