మెయిన్ స్విచ్ మీద చెయ్యి

తాళం వేసే ముందు భూదేవి గోడకున్న మెయిన్ స్విచ్ కిందికి లాగింది. ఇంట్లో ఏదో సన్నని మోత ఆగిపోయింది. అదేమిటో ఆమె ఆలోచించలేదు. పత్తి చేనుకు ఆలస్యమవుతోంది.

పదిహేడేళ్లుగా ఆమె ఇల్లు కదిలే పద్ధతి అదే. భర్త సోమనర్సయ్య బావి దగ్గర మోటారు స్టార్టర్ ముట్టుకుని, కరెంటు కొట్టి పోయిన నాటి నుంచి, మనిషి లేని ఇంట్లో కరెంటు ఉండటాన్ని ఆమె ఒప్పుకోదు. అడిగినవాళ్లకు ఇల్లు కాలిపోతుందని చెబుతుంది.

ఆ మోత కోడలు రజని తయారుచేసిన పెట్టెది. తాను పనిచేసే తొర్రూరు ఇంటర్నెట్ సెంటర్లో పారేసిన కంప్యూటర్‌ను తెచ్చి, ట్యూనర్ కార్డు బిగించి, డిష్ వైరు తగిలించి, టీవీ కార్యక్రమాలను దానంతటదే రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. ఒక చానెల్ పాత వ్యవసాయ కార్యక్రమాలను ఈ వారం మళ్లీ వేస్తోంది. ప్రకటనలో ఒక్క క్షణం సోమనర్సయ్య ముఖం కనబడింది. శుక్రవారం లోపల, పొద్దున పది నుంచి పన్నెండు మధ్య, ఆయన మాట్లాడిన భాగం ఏ రోజైనా రావచ్చు. ఆ వేళకు ఇంట్లో ఎవరూ ఉండరు. ఏళ్ల కిందట మొదటిసారి వేసిన రోజు ఊళ్లో కరెంటు లేక వాళ్లు చూడనే లేదు. ఇంట్లో ఆయన ఫోటో ఉంది. గొంతు ఎక్కడా లేదు.

బుధవారం సాయంత్రం రజని రికార్డింగుల జాబితా తెరిచింది. మూడు రోజులూ ఖాళీ.

“నీ డబ్బ ఫ్యాను మాత్రం మంచిగ తిరుగుతుంది. ముంగట వడియాలు ఆరబెట్టుకో,” అన్నాడు ఆమె భర్త సురేందర్.

రజని అప్పటికే చానెళ్లు రెండుసార్లు వెతికించింది, గడియారం సరిచేసింది. ఇప్పుడు పెట్టె ఎప్పుడు వెలిగిందో, ఎప్పుడు ఆరిందో రాసుకునే పేజీ తెరిచింది. రోజూ అత్త తాళం వేసే వేళకు, తొమ్మిదిన్నరకు ఆరిపోతోంది. ఆమె తిరిగొచ్చే సాయంత్రం ఐదుకు వెలుగుతోంది.

“అత్తమ్మా, పోయేటప్పుడు మెయిన్ బంద్ చేస్తున్నవా?”

“చెయ్యకుంట ఎట్ల పోత?”

“మూడు దినాలు గట్లనే పోయినయి. మామ మాట ఇప్పటికే వచ్చిపోయిందో ఏమో. నీ భయమే మింగింది దాన్ని.”

భూదేవి చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టింది. “ఆ దినం ఎవరన్న గిట్ల మెయిన్ బంద్ చేసుంటె ఆయిన గీ ఇంట్లనే మాట్లాడుతుండె. డబ్బా ఎందుకుంటుండె నీకు?”

“రజనీ, ఇగ ఊకో,” అన్నాడు సురేందర్.

గురువారం రజని అత్త ముఖం చూడకుండానే బస్సుకు పోయింది. తొమ్మిదిన్నరకు భూదేవి చెయ్యి తనంతట తానే స్విచ్ మీదికి లేచింది. అక్కడే ఆగింది. ఇల్లు కాలిపోతుందన్నది తన భయం కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. రోజూ ఈ స్విచ్ లాగుతూ, ఆలస్యంగానైనా ఆయన్ను కాపాడుతూనే ఉంది. లాగకపోతే ఆయన చనిపోయినట్టే.

లోపల పెట్టె సన్నగా మోగుతోంది. ఆమె చెయ్యి దించి తాళం వేసింది.

చేనులో పక్క సాలులో ఉన్న ఎల్లక్క నవ్వింది. “ఏందే, పత్తి ఇడిసిపెట్టి ఆకులేరుతున్నవ్?”

“ఇంట్ల కరెంటు ఇడిసిపెట్టి వచ్చిన.”

“లోకమంత గట్లనే వస్తది గదనే.”

సాయంత్రం జాబితాలో మొదటిసారి ఒక కార్యక్రమం పేరు కనిపించింది. రజని ముందుకు జరుపుతూ పోయింది. నలభయ్యో నిమిషంలో, తెల్ల చొక్కాలో, పత్తి చేను నడుమ సోమనర్సయ్య.

“వ్యవసాయంలో మీకు సాయం ఎవరండీ?” అడిగాడు యాంకర్.

“సాయమేంది సార్, ఎవుసమే ఆమెది. నేను పక్కపొంటి ఉండెటోన్ని.”

“ఆమె పేరు?”

సోమనర్సయ్య తల దించుకున్నాడు. కొడుకు పేరుతో “సురేందర్ అవ్వా” అన్నదే ఇంట్లో ఆయన పిలుపు. భార్యను పేరు పెట్టి పిలవడం ఆయన ఎరగడు. చొక్కా గుండీ సర్దుకుని, మెల్లగా అన్నాడు.

“భూదేవి.”

సురేందర్ కళ్లు తుడుచుకుంటూ పెట్టె మీద అరచేయి వేశాడు. “ఇగ గీ డబ్బను ఎవ్వరు ముట్టద్దు.”

“ఏం, వడియాలు ఆరబెట్టవా?” అంది రజని. తర్వాత అత్త వైపు తిరిగింది. “అత్తమ్మా, నిన్న నేనన్న మాట...”

“గది ఇడువు. ఆయిన మాట మళ్ల పెట్టు.”

రజని వెనక్కి జరిపింది.

“భూదేవి.”

“ఆఁ,” అంది భూదేవి, చాప మీద నుంచి సగం లేస్తూ.

కొడుకూ కోడలూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, చెంపలు తడిసి ఉండగానే. రజని ఐదుసార్లు వెనక్కి జరిపింది. ఐదుసార్లూ ఆమె పలికింది.