జ కింది చుక్క

సోమవారం పొద్దున షట్టర్ ఎత్తి కంప్యూటర్ ఆన్ చేసిన ఆసిఫ్‌కు మొదట కనబడిందే ఘోరం: తను ఒద్దికగా అమర్చిన చుక్కలన్నీ మళ్లీ చోటు తప్పాయి.

జ పొట్ట కింద బుద్ధిగా ఉండాల్సిన చుక్క కుడివైపు పారిపోయి, పక్క అక్షరం గోడ దూకడానికి సిద్ధంగా ఉంది. ఖ కిందిదైతే మరీ దిగజారి, కింది వరుస తలకట్టు మీద కూర్చుంది. పోయిన వారమూ ఇంతే. అప్పుడు తన పొరపాటే అనుకున్నాడు. ఈసారి అనుకోలేడు. ఇది ఎవరో చేసిన పని.

జనగామ స్టేషన్ రోడ్డులోని ఆ ప్రింటింగ్ షాపు గఫార్ మామది. పెళ్లికార్డులూ ఫ్లెక్సీలూ అయ్యాక తీరిక దొరికితే ఆసిఫ్ ఫాంట్లు గీస్తాడు. ఆ సంగతి తెలిసే, తొలి వానలప్పుడు మహబూబాబాద్ నుంచి సమ్రీన్ అనే టీచరు వెతుక్కుంటూ వచ్చింది.

ఆమె నానీ, అంటే అమ్మమ్మ, అజీజ్‌బీ పెళ్లిళ్లలో ఢోలక్ మీద పాడే పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. మనవరాళ్లు చదివింది తెలుగు బడుల్లో, ఉర్దూ అక్షరాలు రావు. మామూలు తెలుగులో రాస్తే పలుకు పోతుంది. అందుకని ఉర్దూ పలుకు తెలిసేలా జ, ఖ లాంటి తెలుగు అక్షరాల కింద చుక్క పెట్టే ఫాంటు కావాలి. భూపాలపల్లిలో సమ్రీన్ పిన్ని కూతురు రుఖయ్యా పెళ్లి. మెహందీ నాటికి పుస్తకం అందరి చేతుల్లో ఉండాలి. అజీజ్‌బీ గొంతు ఈ మధ్య రెండు చరణాలకే అలసిపోతోంది. మరో పెళ్లికి ఆ గొంతు ఉంటుందో లేదో.

మొదటిరోజే తగాదా. సమ్రీన్ తెర మీద వేలు పెట్టి, “గిదేంది, ఈగ వాలినట్టు?” అంది.

“మరి ఎట్లుండాలె టీచర్?”

“ముక్కుపుడక లెక్క. ఉన్నదని తెల్వాలె, ముఖాన్ని మింగొద్దు.”

ఆ తర్వాత ఆమె ముక్కుపుడక వైపు ఒకసారి చూడకుండా చుక్క పెట్టడం ఆసిఫ్‌కు చేతకాలేదు.

ఆదివారం ఆదివారం రైల్లో వచ్చేది. అతని కంప్యూటర్ ముందే కూర్చుని నానీ పాటలు టైపు చేసేది. చుక్క ఎలా నిలుస్తుందో అతను నేర్పాడు. అక్షరానికో కొక్కెం, చుక్కకో కొక్కెం. రెండూ కలిసిన చోట చుక్క వేలాడుతుంది. కొక్కెం కాస్త కదిలితే చాలు, పుస్తకమంతటా ఆ చుక్క కదులుతుంది. బయట వాన. రేకు అంచున చినుకొకటి పడనా, వద్దా అన్నట్టు ఊగేది. ఆసిఫ్ దాన్ని చూస్తూ, ఈ పని ఎప్పటికీ తెమలకపోతే బాగుండునని కలగనేవాడు. వెంటనే అజీజ్‌బీ గొంతు గుర్తొచ్చి సిగ్గుపడేవాడు.

ఆ సోమవారమే, చుక్కలు చెదిరిన సంగతి సమ్రీన్‌కు ఫోన్లో చెప్పాడు.

“మీతోని కాకపోతే చెప్పుండ్రి ఆసిఫ్ భాయ్. వరంగల్‌ల ఇంకొకల్ని చూసుకుంట.”

వరంగల్ కంటే ఆ భాయ్ ఎక్కువ గుచ్చుకుంది.

అనుమానం గఫార్ మామ మీదికి పోయింది. మామ నవ్వేశాడు. మౌస్ పట్టడమే రానివాణ్ని, చుక్కలతో నాకేం పనిరా అన్నాడు. ఆసిఫ్ మళ్లీ అన్నీ సరిచేసి, ఫాంటుకు పాస్‌వర్డ్ పెట్టాడు. లోకంలో ఎవరికీ తట్టని మాట అనుకున్నాడు.

ఆదివారం సమ్రీన్ తడిసి వచ్చింది. మామ గల్లాపెట్టె దగ్గర కునుకుతున్నాడు. ఎదురు హోటల్ నుంచి చాయ్ తేవడానికి ఆసిఫ్ వానలో పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి తెర మీద ఫాంటు తెరిచి ఉంది. జ కింది చుక్క వంకరగా వేలాడుతోంది. మౌస్ మీద ఆమె చెయ్యి.

అతను గ్లాసులు బల్ల మీద పెట్టాడు. ఆమె తెర వైపే చూస్తూ చెప్పింది.

“నేనే జరిపిన. మొదటిసారి ఊకె, ఎట్ల కదుల్తదో చూద్దామని. రైలెక్కినంక యాదికొచ్చింది, సరిచెయ్యలేదని. ఫోన్ చేద్దామనుకున్న. చేస్తే పని అయిపోతది గదా. అయిపోతే జనగామల నేనెందుకు దిగుత? రెండోసారి కావాలనే జరిపిన. వరంగల్ ముచ్చట ఉత్తదే, దొరికిపోతనని భయపడి అన్న. మొన్న నానీ పాట నడుమ ఆగి, పుస్తకమేదని నా దిక్కు చూసింది. షరమైంది. ఇయ్యాల ముట్టొద్దనే వచ్చిన. నువ్వు తాళమేసినవ్. తాళం చూస్తే మనసు ఆగలే. నీ పేరు కొట్టిన, రాలే. షాపు పేరు కొట్టిన, రాలే. నవ్వులాటకు నా పేరు కొట్టిన. తెరుసుకుంది. గీ చుక్క నేను జరపలే ఆసిఫ్, మౌస్ జారింది. దీన్ని నువ్వే సరిచెయ్యి. పుస్తకాలు భూపాలపల్లికి నువ్వే పట్టుకరా. ఎవరే ఈ పిలగాడని నానీ అడుగుతది. భాయ్ అని మాత్రం చెప్ప.”