వేడెక్కితే నోరు మూసుకునే వ్యాను

బేకరీ అబ్బాయి ఆ రోజు కూడా అదే పాట పాడాడు. తెల్లారి బయటికి తీస్తే చాలు, వ్యాను వీధి వీధంతా లేచి కూర్చునేలా అరుస్తోందట. సైలెన్సర్ పగిలిందేమో చూడాలట.

మెకానిక్ అమ్మాయి బానెట్ మీద చెయ్యి ఆనించి వింది. తన కన్నా వయసులో పెద్దదైన ఆ వ్యాను, పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లలా బుద్ధిగా గురగురమంటోంది. అరుపూ లేదు, కేకా లేదు.

అతను మొదటిసారి వచ్చినప్పుడు ఇద్దరికీ గొడవే అయింది. బండిని షెడ్డు గుమ్మానికి అడ్డంగా ఆపినందుకు ఆమె చెడామడా తిట్టింది. అతను తిట్లన్నీ ఓపిగ్గా విని, వ్యానులోంచి ఒక బన్ను తీసి ఆమె చేతిలో పెట్టి, ఇంతసేపు తిడితే ఎవరికైనా ఆకలేస్తుందన్నాడు. అప్పటినుంచీ అతని మీద కోపం తెచ్చుకోవడం ఆమెకు చేతకావడం లేదు.

షెడ్డు ఆమె తండ్రిది. జబ్బును చెవితో వినందే పానా పట్టకూడదని ఆయన నియమం. ఆ నియమం ఆమెకూ ఒంటబట్టింది. కానీ అతను వచ్చిన ప్రతిసారీ బండి కిందికి దూరింది, గొట్టం పొడవునా తట్టి చూసింది, బిగింపులన్నీ కదిపి చూసింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో ఆమెకో అనుమానం మొదలైంది. నిజం చెప్పాలంటే అది అనుమానం కాదు, ఆశ. ఇతను బండి వంక పెట్టుకుని తనకోసమే వస్తున్నాడు.

ఆ ఊహ ఆమెకు ఎంత నచ్చిందంటే, అతను వచ్చే వేళకి చేతుల గ్రీజు రెండుసార్లు కడిగేది. కడిగాక, ఇలా తెల్లగా మెరిసిపోతే ఏమనుకుంటాడోనని మళ్ళీ కాస్త పూసుకునేది.

అబ్బాయిగారు మాత్రం బండి ఊసు దాటి ఒక్క మాట మాట్లాడడు. ఆ రోజు ఆమె ఓపిక కాస్తా అయిపోయింది.

"ఈ బండికి ఏ జబ్బూ లేదు. మీకు రావాలనుంటే రండి. దానిమీద అబద్ధాలెందుకు?"

దొరికిపోయినవాడిలా నవ్వుతాడనుకుంది. అతని మొహం మాడిపోయింది.

"నేను అబద్ధం చెప్పట్లేదండీ. ఈ వారంలో దీని నోరు మూయించకపోతే బండిని వీధిలో ఉంచనిచ్చేది లేదన్నారు మా వీధివాళ్ళు. బండి లేకపోతే మా అమ్మ బేకరీ మూసుకోవాలి."

అతను వెళ్ళిపోయాడు. ఆమె తన అరచేతిని చూసుకుంటూ నిలబడింది. బానెట్ వేడికి ఎర్రగా కందింది. నిన్నమొన్న కూడా ఇలాగే కందింది. అతను ఊరంతా రొట్టెలు వేసి, అన్ని దుకాణాలూ అయ్యాక ఇక్కడికొస్తాడు. అంటే చల్లటి ఇంజన్ని తను ఒక్కసారి కూడా వినలేదు. అమ్మాయిగారు నుదురు కొట్టుకుంది.

మర్నాడు తెలతెలవారుతుండగా పనిముట్ల సంచి భుజాన వేసుకుని బేకరీ ముందు దిగింది. మోచేతుల దాకా పిండితో వాళ్ళమ్మ తలుపు తీసింది. వెనకే వచ్చిన అతను ఈమెను చూసి పలకరించడం కూడా మరిచిపోయాడు.

బండి ఇంకా తియ్యలేదు కదా అని అడిగి, సెల్ఫ్ కొట్టమంది.

వ్యాను ఒక్కసారిగా బొబ్బ పెట్టింది. ఎదురింటి పైఅంతస్తులో ఒక కిటికీ తెరుచుకుని, విసురుగా మూసుకుంది. ఆమెకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. టార్చి పట్టుకుని బానెట్ కిందికి వంగింది. ఇంజన్నీ సైలెన్సర్ గొట్టాన్నీ కలిపే చోట నల్లటి మసి. వేళ్ళు దగ్గర పెడితే బుస్సుబుస్సుమని గాలి. మధ్యలో సందు లేకుండా మూసే గాస్కెట్ రేకు కాలి అరిగిపోయింది. చల్లగా ఉన్నంతసేపూ ఆ సందులోంచి అరుపు బయటికొస్తోంది. వేడికి ఇనుము ఉబ్బగానే సందు మూసుకుంటోంది. షెడ్డుకి చేరేసరికి మహాతల్లి మౌనవ్రతం.

జబ్బు దొరికిన సంతోషం ఎంతోసేపు నిలవలేదు. బండి నిజంగానే అరుస్తోందంటే, అతను నిజంగానే బండికోసం వచ్చాడన్నమాట. ఇన్నాళ్ళూ లేనిపోని ఆశ పెట్టుకుంది తనే. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"నిన్న నేనన్నది తప్పు. మీరు నిజమే చెప్పారు," అంది పానా వైపు చూస్తూ.

అతను ఏదో అనేలోపే వాళ్ళమ్మ చేతుల పిండి దులుపుకుంటూ ముందుకొచ్చింది.

"వీడు అంతా నిజమేం చెప్పలేదమ్మా. మా వీధి మలుపులోనే ఇంకో షెడ్డుంది. పొద్దున్నే అక్కడికి తోలుకెళ్తే మొదటిరోజే తేలిపోయేది. వెళ్ళరా అంటే వినడే."

వీధి మలుపు అక్కణ్ణించే కనిపిస్తోంది. షెడ్డు బోర్డు కూడా కనిపిస్తోంది. ఆమె బోర్డు వైపు చూసి, అతని వైపు చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కడ బాగయిపోతుందేమోనని భయమేసింది," అన్నాడు. "బాగయితే మిమ్మల్ని చూడ్డానికి నాకు ఇంకో కారణం లేదు. మీరంటే నాకిష్టం. నిన్న మీరడిగినప్పుడే చెప్పాల్సింది, ధైర్యం చాల్లేదు."

వాళ్ళమ్మ, పొయ్యిలో రొట్టెలు మాడిపోతున్నాయంటూ నవ్వుకుంటూ లోపలికెళ్ళింది. మాడుతున్న వాసనేమీ రాలేదు.

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదర్లేదు. గాస్కెట్ మార్చడం సాయంత్రానికల్లా అయిపోతుందని, ఆ తర్వాత బండి కిక్కురుమనదని చెప్పింది. అతను దిగులుగా తలూపాడు.

"అందుకని రేపటినుంచి బండి లేకుండా రండి," అంది.